అంపేసినానన్న మాట

ఇలా జరుగు శ్రావణీ, నా మోకాలికి నీ మోకాలు తగిలేంత దగ్గరికి రా. సముద్రం గాలి గట్టిగా ఉంది, ఇది అరిచి చెప్పే సంగతి కాదు. ఇందాక మీ అమ్మతో నేను నీ గురించే, "గుంటని రేపు పొద్దున్న బస్సుకి అంపెయ్యి" అంటే నువ్వు నవ్వావు. "అంపడం కాదు అమ్మమ్మా, పంపడం" అని దిద్దావు. విజయనగరంలో కాలేజీకి పోతున్నదానివి, దిద్దితే దిద్దావు. నాకేం కోపం లేదు. కానీ ఆ ఒక్క మాట మాత్రం దిద్దకు తల్లీ. ఆ మాటను ఒకరు దిద్దబట్టే మీ ఎర్రన్న మావ జైల్లో ఉన్నాడు.

నా తోడబుట్టిన మా అప్ప లక్ష్మణమ్మకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు ఎర్రన్న, వాడి వెనక దేవి. వల లాగేటప్పుడు తిట్టు నోట రాని మగవాడు మన పేటలో ఎర్రన్న ఒక్కడే. "ఈడు తిట్టడు, అందుకే సేపలకి బయం నేదు" అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. దేవి అలా కాదు, నిప్పు. సాలూరు నుంచి ధనరాజ్ అని ఒక లారీ డ్రైవరు ఐసు పెట్టెలు ఎక్కించుకోవడానికి మన ఒడ్డుకు వచ్చేవాడు. ఎర్రగా బుర్రగా ఉండేవాడు, పాటలు పాడేవాడు. చేపలతో పాటు మా దేవిని కూడా ఎక్కించుకుపోయాడు. మంచివాడే. తాగితే మాత్రం వాడి చెయ్యి వాడి మాట వినేది కాదు.

అసలు సంగతి చెప్పేముందు ఒకటి చెప్పాలి. మీరు పంపడం అంటారు. ఉత్తరం పంపుతారు, పార్సెల్ పంపుతారు. మేము అంపేది మనుషుల్ని. గుమ్మం దిగేవాడికి మంచినీళ్ళిచ్చి, తినడానికి ఏదో ఒకటి కట్టిచ్చి, మనిషి కనబడినంతసేపూ నిలబడి చూసి ఇంటికి తిరిగొస్తే అది అంపడం. కోపంలో ఉన్నా అంతే. కట్టివ్వకుండా తోలేస్తే దాన్ని గెంటడం అంటాం.

ఆ రోజు దేవి పుట్టింట్లో ఉంది. ధనరాజ్ మధ్యాహ్నానికే తాగి వచ్చి, ఏదో మాటకు మాట పెరిగి, అందరి ముందూ దాన్ని కొట్టాడు. ఎర్రన్న వల బాగుచేసుకుంటున్నవాడు లేచి వచ్చి బావ రెక్క పట్టుకున్నాడు.

"పద బావా. మత్తు దిగినాక రా. అప్పుడు కాళ్ళు కడిగి లోపలికి పిలుత్తాం."

"ఒరే ఎర్రన్నా! బావని గెంటుతావేట్రా?"

"గెంటడం కాదు బావా. అంపుతన్నాను. పిన్నీ, అన్నం కట్టు."

నేనే కట్టాను. అన్నంలో నెత్తళ్ళ వేపుడు పెట్టి ఆకులో చుట్టి ఇచ్చాను. ముగ్గురం పెద్ద రోడ్డు దాకా నడిచాం. సాలూరు వైపు పోయే లారీ ఒకటి ఎర్రన్న చెయ్యి ఎత్తితే ఆగింది. ధనరాజ్ ఎక్కి కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టి, "అత్తా, కారం సరిపోనాదా?" అని నవ్వాడు. అప్పటికే వాడికి కోపం పోయింది. లారీ కనుమరుగయ్యేదాకా చూసి వెనక్కి వచ్చాం.

ఆ తర్వాత వాడిని ప్రాణంతో చూసినవాళ్ళు లేరు. కొన్నాళ్ళకు మన గెడ్డ వాగు సముద్రంలో కలిసే చోట ఒక శవం తేలింది. వేలి ఉంగరం చూసి దేవి గుర్తుపట్టింది. లారీ ఎక్కడ దింపిందో, వాడు ఏ కల్వర్టు దగ్గర కూర్చుని మళ్ళీ తాగాడో, ఎలా నీళ్ళలో పడ్డాడో దేవుడికి తెలియాలి. లారీ నంబరు ఎర్రన్న చూడలేదు. బావను అంపేటప్పుడు నంబరు చూసుకునేవాళ్ళు ఉంటారా?

పోలీసులు వచ్చి ఎర్రన్నను తీసుకుపోయారు. దెబ్బలాట ఊరంతా చూసింది, ఆ తర్వాత బండెక్కించడం చూసింది నేనొక్కదాన్నే. సొంత పిన్నివి, నీ మాట చెల్లదన్నారు. స్టేషన్లో ఎంత కొట్టినా మా వాడు నేరం ఒప్పుకోలేదు. చివరికి, "జడ్జి గారి ముందు ఉన్నదున్నట్టు చెప్పు, ఇంటికి పోతావు" అన్నారు. వాడు సంబరంగా వెళ్ళాడు. ఉన్నది చెబితే చాలు కదా అనుకున్నాడు.

ఆ చిన్న జడ్జి గారు మన వైపు మనిషి కాదు. ఎక్కడో దక్షిణాది జిల్లా నుంచి కొత్తగా వచ్చారు. పోలీసుల్ని బయటకు పొమ్మన్నారు. గదిలో ఆయన, రాసే గుమాస్తా నరసింగరావు, మా ఎర్రన్న. అంతే. లోపల జరిగింది ఎర్రన్న నాకు ఎన్నోసార్లు చెప్పాడు, వాడికి వినబడనిది తర్వాత ఆ గుమాస్తా చెప్పాడు.

"ధనరాజ్‌ని ఏం చేశావు?"

"నానే అంపేసినానండి బాబు."

"ఏమన్నావు? గట్టిగా చెప్పు."

"అంపేసినాను బాబు. సెల్లిని కొట్టినాడు, కోపమొచ్చినాది. నాను కాక మరెవులంపుతారు?"

జడ్జి గారు గుమాస్తా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "వీళ్ళకు 'చ' పలకదు కదా. 'స' అంటారు. ఇతను ఆ 'స' కూడా మింగేస్తున్నాడు. చంపేశాను అని రాయండి" అన్నారు. పాపం ఆయన తెలివి తక్కువవాడు కాదు. మన యాస సగం నేర్చుకున్నాడు. మిగతా సగం నేర్చుకునేలోపు మా వాడు ఆయన ముందు నిలబడ్డాడు.

"అలా చేసినందుకు బాధ లేదా?"

ఎర్రన్నకు అప్పుడు కళ్ళనీళ్ళు తిరిగాయట. "ఎందుకు నేదు బాబు. నానలగ అంపకుండా ఉంటే బాగున్ను. మా సెల్లి ఏడుత్తన్నాది" అన్నాడు. గుమాస్తా అదీ రాశాడు. కింద 'చదివి వినిపించగా సరియేనని ఒప్పుకున్నాడు' అని రాసి వేలిముద్ర వేయించుకున్నారు. ఎవరూ ఏమీ చదవలేదు, ఎవరూ ఏమీ వినలేదు.

పెద్ద కోర్టులో విచారణ జరిగింది. సర్కారు ఇచ్చిన ప్లీడరు లేచి, ఆ మాటకు అర్థం వేరు, పెళ్ళిళ్ళలో అంపకాలు అంటాం కదా అన్నాడు. అక్కడి పెద్ద జడ్జి గారు, "అంపకాలు పెళ్ళికూతురికి చేస్తారు, తాగొచ్చిన బావకి కాదు. ఇన్నాళ్ళకా ఈ అర్థం గుర్తొచ్చింది?" అన్నారు. కోర్టు హాల్లో నవ్వారు శ్రావణీ. నేను అక్కడే ఉన్నాను. నవ్వినవాళ్ళలో మన వైపువాళ్ళు లేరని నేను చెప్పలేను. యావజ్జీవం వేశారు. బయటకు వచ్చాక మా అప్ప, "పెళ్ళికూతుర్నంపితే అక్షింతలేస్తారు, బావనంపితే బేడీలేస్తారేటే బుల్లమ్మా?" అని నన్ను అడిగింది.

ఇక పద్మకుమారి సంగతి. నేను ఎండుచేపలు పాతపట్నం తీసుకెళ్ళి అమ్మేదాన్ని కదా. బస్సు కండక్టరుతో రోజూ గొడవే. "ముసల్దానా, నీ బుట్ట కంపు" అంటాడు, సాయంత్రం ఆ బుట్టలోంచే వాడికి కావాలి. ఒకరోజు ఆ గొడవ జరుగుతుంటే సంచీ భుజాన వేసుకున్న ఆడపిల్ల నవ్వుతూ నా పక్కన కూర్చుంది. పేపరుకు వార్తలు రాసే మనిషి. వరి పండించే ఇంటి పిల్ల, మొగుడు కూడా రైతే. బస్సుల మీద వార్త రాద్దామని వచ్చింది. మాటల్లో నేను, "మావోడు ఆడి బావని అంపేసినానన్నందుకే జైల్లో ఎట్టినారమ్మా" అన్నాను.

ఇదే మాట ఎంతమందికి చెప్పానో. అందరూ అయ్యో అని ఊరుకునేవారు. పద్మకుమారి మాత్రం రాసుకోవడం ఆపి నా మొహంలోకి చూసింది.

"అంపేసినానన్నాడా? అదే మాటా?"

"అదే మాటమ్మా."

"మా యమ్మ నన్ను రోజూ బడికి అంపేదే!" అంది. చదువుకున్న నోట మా మాట వినేసరికి నాకు ఏడుపొచ్చింది. బస్సులో అందరూ చూస్తున్నారు. కండక్టరు టిక్కెట్టు అడక్కుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆ పిల్ల ఈ పనిమీదే పడింది. ప్లీడరు దగ్గర కాగితాలు చదివింది. సాలూరులో లారీలు ఆగే చోటల్లా ధనరాజ్ ఫొటో పట్టుకు తిరిగింది. ఎక్కించుకున్నవాడు ఎదురుపడినా, హత్య కేసని తెలిశాక నేనేనని అంటాడా? ఎవరూ అనలేదు. చివరికి, రాసిన చెయ్యే దొరకాలంది. నరసింగరావు రిటైరై బొబ్బిలిలో ఉంటున్నాడని తెలుసుకుని, నన్ను కూడా వెంట తీసుకుపోయింది.

తలుపు తీసింది వాళ్ళమ్మ. ఒంగిపోయిన మనిషి, చెవులు వినబడవు. మమ్మల్ని కిందనుంచి మీదదాకా చూసి గట్టిగా అడిగింది.

"ఎవులమ్మా మీరు? ఎవులంపినారు?"

నేను పద్మకుమారి చెయ్యి పట్టుకున్నాను. లోపల కుర్చీలో కూర్చున్న నరసింగరావు ఆ మాట విన్నాడు. మేము ఎందుకొచ్చామో చెప్పకముందే, ఎర్రన్న పేరు ఎత్తకముందే, ఆ మనిషి మొహం మాడిపోయింది. తల్లి రోజూ అనే మాటే కదా. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఎలా భరించాడో.

కాఫీలు వచ్చాయి, తాగలేదు. పద్మకుమారి ఫోను బల్లమీద పెట్టి, రికార్డు చేస్తున్నానని చెప్పే పెట్టింది.

"ఆ మాటకు అర్థం మీకు తెలుసు కదండీ?"

"తెలుసమ్మా. తెలీకేం."

"మరి సార్‌కి చెప్పలేదేం?"

"సార్లకు మనం చెప్పేదేటుంటాది? ఆయన చెప్పారు, నేను రాశాను. పైకోర్టులో ఎవరో ఒకరు చూస్తారనుకున్నాను. ఆయనకూ మనసులో చెడ్డ లేదమ్మా. ఆయనకు వినబడింది అది."

"నీకేటి ఇనబడింది బాబూ?" అన్నాను నేను.

ఆయన తల్లి వైపు ఒకసారి చూశాడు. "అంపేసినానన్నాడు" అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం మేము తిరిగిన తిరుగుడు ఇక చాలనిపించింది. వస్తూ వస్తూ పద్మకుమారి కిటికీ పక్కన కూర్చుని పాట పాడింది. ఆ చిన్న జడ్జి గారి ఆఫీసుకు కూడా కబురు పెట్టింది, ఆయన మాట కూడా వేయాలని. కోర్టులో ఉన్న విషయం, మాట్లాడను అన్నారట. సరే, వార్త ఆదివారం వస్తుంది, మొదటి పేజీలో వస్తుంది అని మాకు చెప్పింది. అప్పటికి పైకోర్టులో అప్పీలు వాయిదా దగ్గర పడింది. ఆ లోపు ఈ వార్త వస్తే మా వాడు బయటకు వస్తాడని ప్లీడరు కూడా ఆశపెట్టాడు. మా అప్ప ఎర్రన్న చొక్కాలు తీసి ఉతికి ఆరేసింది. వద్దే అన్నా వినలేదు.

ఆదివారం పొద్దున్నే పేపరు తెప్పించాం. పేటలో సగం జనం మా అరుగు మీదే. నాకూ అప్పకూ అక్షరం రాదు. దేవి చదవడానికి కూర్చుంది. మొగుడు చచ్చిపోయి, ఆ మొగుణ్ణి చంపాడని అన్న జైలుకు పోయిన పిల్ల అది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"బావను నేనే చంపేశానని ఎర్రన్న చెప్పిన మాటను, చంపేశానని రాసిన..."

ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏటే, సరిగ్గా సదువు" అంది అప్ప.

"సరిగ్గానే సదువుతన్నానమ్మా. ఇలగే ఉన్నాది."

కిందకు వెళ్ళింది. నరసింగరావు మాట కూడా వేశారు. 'నాకు వినబడింది కూడా చంపేశాననే' అని ఉంది. ఎర్రన్న నోట చంపేశాను, గుమాస్తా నోట చంపేశాను. ఎక్కడ చూసినా అదే. మేము మూడు ఊళ్ళు తిరిగి పట్టుకొచ్చిన మాట ఆ పేజీలో ఒక్కచోట కూడా లేదు. పెద్దక్షరాల్లో, 'నేనే చంపేశా: తీర్పుపై కుటుంబం ఆవేదన' అని పైన. పక్కన ఎర్రన్న నవ్వుతున్న ఫొటో.

పద్మకుమారి అప్పటికే బండిమీద వచ్చేసింది. చెప్పులు కూడా రెండు కాళ్ళకూ రెండు రకాలు. మా అరుగు మీదే నిలబడి ఆఫీసుకు ఫోను చేసింది. అవతలి కుర్రాడి గొంతు మాకందరికీ వినబడింది.

"మేడం, మీరు అన్నిచోట్లా 'అంపేసినాను' అని కొట్టారు. అలాంటి మాట లేదు కదా. 'చ' ఎగిరిపోయిందనుకుని మార్చేశాం."

"ఆ మాటే కదా బాబూ వార్త! ఆ మాట లేకపోతే ఇంకేటుంది అందులో?"

"రాత్రి ఒత్తిడిలో చూసుకోలేదు మేడం. సవరణ వేస్తాం."

ఎవరో నవ్వారు. తప్పు పట్టకు, ఏడవలేక వచ్చే నవ్వు. పద్మకుమారి మెట్టుమీద కూర్చుండిపోయింది. మా అప్ప వెళ్ళి ఆ పిల్ల తల నిమిరి, "నువ్వేటి సేత్తావమ్మా. అది అందరి సెవిలోనూ ఒకలాగే పడతాది" అంది. దేవి లేచి, తీగ మీద ఆరేసిన చొక్కాలు తీసి మడతపెట్టింది.

సవరణ వేశారు. టెండర్ల ప్రకటనల కింద, అగ్గిపెట్టె అంత. పైకోర్టులో మా ప్లీడరు రెండు పేపర్లూ చూపించాడు. అవతలి ప్లీడరు, "వాళ్ళ పేపరుకే ఒకరోజు ఒకలా, మర్నాడు ఇంకోలా వినబడింది. ఇక గదిలో ఉన్న జడ్జి గారిని తప్పుపడతారా?" అన్నాడట. నరసింగరావు, పేపర్లో పడ్డదే తాను అన్నమాట అని లాయరు చేత నోటీసు ఇప్పించాడు. రికార్డు చేసిన ఫోను పైకోర్టులో తీసుకోలేదు, పద్మకుమారి దాన్ని కోర్టువాళ్ళ తప్పులు విచారించే ఆఫీసులో ఇచ్చింది. చాలాకాలానికి జవాబు వచ్చింది, అధికారుల దోషమేమీ కనబడలేదని. ఆ చిన్న జడ్జి గారు పెద్ద పదవికి వెళ్ళారు. మంచి పేరే ఉందట ఆయనకు. నోటీసు వచ్చాక పేపరువాళ్ళు పద్మకుమారిని మానిపించారు. ఇప్పుడు ఫోనులో తనే వార్తలు చదువుతోంది. చూసేవాళ్ళు తక్కువ. ఎర్రన్న సంగతి మాత్రం ప్రతి వాయిదాకూ చెబుతుంది, వాయిదా పడింది అని. అప్పీలు అలాగే ఉంది.

మొన్న నేను జైలుకు వెళ్ళివచ్చింది నీకు తెలుసు కదా. మా అప్పకు మోకాళ్ళు పనిచేయడం లేదు, నేనొక్కదాన్నే వెళ్ళాను. జాలీ అవతల ఎర్రన్న వచ్చి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది.

"బాగున్నావా పిన్నీ? అమ్మ మందులు వేసుకుంటోందా? చెప్పు."

చెప్పు అన్నాడు శ్రావణీ. బడిపంతులులా, 'చ' పలికి మరీ అన్నాడు.

"ఏట్రా అలగ మాటాడుతన్నావు? ఎవుల్రా నువ్వు?" అన్నాను.

"ఇక్కడ ఇలా మాట్లాడటమే మంచిది పిన్నీ. టీవీ చూసి నేర్చుకున్నాను. మన మాటలో చెబితే ఏం రాసుకుంటారో తెలీదు." చుట్టూ చూసి, జాలీకి మొహం ఆనించి, చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. "బావను నేను పంపించాను. పంపించాను. ఇలా చెప్పి ఉంటే అప్పుడే వదిలేసేవారు కదా పిన్నీ?"

వాడు తప్పు తనదే అనుకుంటున్నాడు.

టైము అయిపోయిందన్నారు. వాడి కోసం కట్టుకెళ్ళిన నెత్తళ్ళ వేపుడు గేటు దగ్గరే ఆపేశారు, బయటి తిండి కూడదని. వాడు లోపలికి పోతుంటే కనబడినంతసేపూ చూద్దామనుకున్నాను. రెండడుగులు వేస్తే గోడ అడ్డం వచ్చింది. కట్టివ్వలేదు, చూడలేదు. వాడిని నేను అంపలేదు తల్లీ. వదిలేసి వచ్చాను, అంతే.

ఇదే సంగతి. వాడు వచ్చేనాటికి నేను ఉండను, మా అప్ప అసలే ఉండదు. వస్తాడన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు, నీ దగ్గర అబద్ధమెందుకు. నువ్వు మాత్రం గుర్తుపెట్టుకో. నీ కాలేజీలో చెప్పు, రేపు నీకు పిల్లలు పుడితే వాళ్ళకు చెప్పు. నువ్వు రాసుకుంటే నా మిగతా మాటలన్నీ మీ బడి తెలుగులోకి తిప్పుకో, నాకేం పట్టదు. ఎర్రన్న అన్న మాట దగ్గరకు వచ్చేసరికి ఆగు. దాన్ని ముట్టుకోకు. వాడు ఎలా అన్నాడో అలాగే అను.

ఏదీ, ఒకసారి అను, వింటాను.